అప్పీలుకు ముందు ఒక ప్రశ్న

"నీ దిండు బేస్‌మెంట్‌లో ఉంది. కంబళీ అక్కడే. చలేస్తే ఇల్లు వెచ్చబెట్టే ఆ బాయిలర్ని కావలించుకో. మీ ఇద్దరికీ బాగా పొసుగుతుంది" అంది వాండా.

ఆమె భర్త కాజ్ గుమ్మంలో నిలబడి బూట్లకంటిన మంచు దులుపుకుంటున్నాడు. రోజంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో హీటర్లు బాగుచేసి వచ్చిన మనిషి. చేతులకింకా మసి వదల్లేదు.

"వాండా..." అన్నాడు. అంతే.

"ఏం, ఆగిపోయావే? కోర్టులో బాగానే పెగిలిందిగా నోరు!"

మంగళవారం తీర్పు వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో మాటలన్నీ వాండావే. కాజ్‌వి నిట్టూర్పులు.

ముందుగది ఆమె సెలూను. అద్దం, అద్దం ముందు ఎత్తు తగ్గించుకునే కుర్చీ, జుట్టు ఆరబెట్టే గంటలాంటి యంత్రం, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వచ్చేవాళ్ళే లేరు. ఆ కుర్చీలో ఇప్పుడు వాండాయే కూర్చుంటోంది. కుడిచెయ్యి ఒళ్ళో పడేసి ఉంటుంది. ఆ వేళ్ళు సగం వరకే ముడుచుకుంటాయి. కత్తెర పట్టవు. కాఫీ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకోవాల్సిందే.

రెండేళ్ళ నాటి కారు ప్రమాదంలో నూటికి అరవై పాళ్ళు తప్పు వాండాదేనని జ్యూరీగా కూర్చున్న పన్నెండు మంది ఊరివాళ్ళు తేల్చారు. ఆ రాష్ట్రంలో సగానికి మించి తప్పు నీదైతే నీకు దమ్మిడీ రాదు. ఎదురుగా వస్తున్న బండిని చూసుకోకుండా ఎడమకి తిప్పి ఆమె కారుకి అడ్డమొచ్చిన గ్రాంట్ లండీన్, కోర్టు మెట్ల మీద అందరితో కరచాలనాలు చేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు. పడవలమ్ముతాడు, పిల్లలకి హాకీ నేర్పిస్తాడు. ఎరీ ఊళ్ళో అతను నచ్చనివాళ్ళు లేరు.

"ఆ పన్నెండు తలకాయల్లో ఒక్కటైనా సరిగ్గా దువ్వుకున్న తలకాయ ఉందా?" అంది వాండా అద్దంలోకి చూస్తూనే. "ఆ చివరి కుర్చీలో ఆవిడ, ఇంట్లోనే జుట్టుకి రంగు పులుముకుంది. చెవుల మీదికి కారి ఎండిపోయింది. తన చెవులు తనకి కనబడవు గానీ నా కారు ఏ లైటుకి కదిలిందో కనబడిందట! ఇక ఆ జ్యూరీ పెద్ద, హార్ట్‌జెల్. ఎడమ చెవి పక్క పెంచిన నాలుగు వెంట్రుకలు నెత్తి మీంచి కుడిచెవి దాకా ఈడ్చి అతికించుకుంటాడు. నెత్తి మీద అబద్ధం పెట్టుకు తిరిగేవాడు నా నిజం తేలుస్తాడు!"

"వాళ్ళు విన్నదాన్ని బట్టి చెప్పారు" అన్నాడు కాజ్ నెమ్మదిగా.

కుర్చీ గిర్రున తిరిగింది.

"అవును. విన్నదాన్ని బట్టే. వినిపించిందెవరు?"

కాజ్ నేలచూపులు చూశాడు.

"ఎవరంటున్నా? లండీన్ లాయరు నిన్నేం అడిగాడు? 'గుద్దుకునే ముందు మీ ఆవిడ ఎటు చూస్తోందండీ?' అని. నువ్వేమన్నావు?"

"నా వైపు చూస్తోందన్నాను."

"తర్వాత? 'ఏం చేస్తోందండీ?' అని అడిగాడు. చెప్పు, మళ్ళీ చెప్పు. కోర్టంతా నవ్వింది కదా, నేనూ నవ్వుతాను."

"నన్ను తిడుతోందన్నాను."

"జడ్జి కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నా మణికట్టు మూడు ముక్కలై, తుంటి పగిలి నేను అక్కడ కూర్చుంటే మా ఆయన వాళ్ళందరికీ వినోదం పంచాడు. 'గుర్తులేదు' అనొచ్చుగా? రెండేళ్ళయింది, ఎవరికి గుర్తుంటుంది? నాలుగు అక్షరాలు!"

"గుర్తుంది గదా మరి. బైబిలు మీద చెయ్యి వేయించారు."

"ఆహా! సెయింట్ కాజ్! చర్చిలో నీ బొమ్మ కూడా పెట్టిస్తారులే, చేతిలో పానా పట్టుకుని."

ఆరోజు కారులో ఆమె అతన్ని ఎందుకు తిడుతోందో కోర్టులో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇంకా నవ్వేవాళ్ళు. కాజ్ అక్క బెర్నీస్ మనవరాలి బాప్తిస్మం విందులో బెర్నీస్ అందరి ముందూ వాండాని 'జుట్టు ఊడ్చుకు బతికేది' అంది. కాజ్ పక్కనే కూర్చుని కేకు తిన్నాడు. దారి పొడుగునా వాండా అన్నది ఒక్కటే మాట: నోరెందుకు తెరవవు? పెళ్ళయిన దగ్గర్నుంచీ అతన్ని ఆ ఒక్క విషయం మీదే పోరుతోంది. చివరికి అతను నోరు తెరిచాడు. సాక్షి బోనులో.

వీధి తలుపు తట్టిన చప్పుడైంది. తీసేవరకూ ఆగకుండానే బెర్నీస్ లోపలికొచ్చేసింది. అది ఈస్టరుకి ముందు మాంసం ముట్టని తపస్సుకాలం శుక్రవారం. చర్చి హాల్లో అమ్మే వేయించిన చేపా, బంగాళాదుంప కూరిన పిరోగీలూ రెండు అట్టపెట్టెల్లో పట్టుకొచ్చింది. పెట్టెలు నూనె పీల్చి మెరుస్తున్నాయి.

"తిండి తెచ్చానని మురిసిపోకు. మా తమ్ముడి కోసం. నువ్వు వాడికి ఎలాగూ వండట్లేదని ఊరంతా తెలుసు" అంది కోటు విప్పుతూ.

"ఊరికి చెప్పిందెవరో కూడా ఊరికి తెలుసు" అంది వాండా.

"నీ మొహానికి ఆ ఒక్క చెయ్యే పడిపోయింది, నాలిక పడిపోలేదు."

"అది పడిపోతే నీకు తోడెవరుంటారు బెర్నీస్, పాపం!"

కాజ్ పెట్టెలు తీసుకుని వంటింట్లోకి నడిచాడు. ఇద్దరాడవాళ్ళూ అతని వెనకే వచ్చి, పోట్లాట ఆగకుండానే బల్ల దగ్గర చెరోవైపు కూర్చున్నారు. బెర్నీస్ వెంటనే తినలేదు. ఫోర్కు చేత్తో పట్టుకుని, వేడుక చూడబోయేదానిలా వాండా మొహంలోకి చూసింది.

"ఇవాళ చేపల దగ్గర ఎవర్ని చూశానో చెప్పుకో."

"పోపుని."

"నీ జ్యూరీ పెద్దని. ఆ అతికించుకున్న జుట్టాయన. ఎవరి పక్కన కూర్చున్నాడో చెప్పుకో."

వాండా కుర్చీ ముందుకి జరుపుకుంది.

"గ్రాంట్ లండీన్ పక్కన. ఒకే గిన్నెలో కాబేజీ కలుపుకుని తింటున్నారు. వీపులు చరుచుకుంటున్నారు. చర్చి వంటగదిలో పనిచేసే డొలోరెస్‌ని అడిగాను, వీళ్ళకెప్పట్నుంచే పరిచయం అని. 'నీకు తెలీదా? వాళ్ళిద్దరిదీ ఒకటే వేట గుడిసె. ప్రతి ఏడూ జింకల వేటకి కలిసే పోతారు. వాళ్ళ నాన్నల కాలం నుంచీ' అంది."

వాండా ఎడమచెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

జ్యూరీని ఎంచిన రోజు జడ్జి వాళ్ళందర్నీ నిలబెట్టి అడిగాడు: ఈ దావాలో ఉన్నవాళ్ళు మీలో ఎవరికైనా తెలుసా? తెలిస్తే చెయ్యెత్తండి. హార్ట్‌జెల్ చెయ్యెత్తలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని పాస్టరులా కూర్చున్నాడు.

"దొంగ వెధవ" అంది వాండా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలోకి మంగళవారం తర్వాత మొదటిసారి రంగొచ్చింది. "కాజ్, ఫోన్ ఇలా ఇవ్వు. ఏం చూస్తావలా, నీ సొమ్మేం పోయింది? ఫోన్!"

కాజ్ ఫోన్ అందించాడు. అతని చెయ్యి ఒక్క క్షణం దాన్ని వదలడానికి ఒప్పుకోలేదు. వాండా లాక్కుంది.

వాండా తరఫు లాయరు డిఫాజియో చేప చల్లారకముందే వచ్చాడు. పొట్టి మనిషి, ఖరీదైన కోటు, పాలిష్ చేసిన బూట్లకి మంచు. తీర్పు రోజున మొహం వేలాడేసుకుని వెళ్ళినవాడు ఇప్పుడు పెళ్ళికొడుకులా ఉన్నాడు. బెర్నీస్ చేత అంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"మిసెస్ పెల్చర్, మొన్న నేను మీకేం చెప్పాను? అప్పీలంటే సినిమాకి రెండో ఆట కాదన్నాను. పై కోర్టు మీ కథ మళ్ళీ వినదు. ఆ పన్నెండు మంది దద్దమ్మలే కావచ్చు, దద్దమ్మలవడం చట్టరీత్యా తప్పు కాదు. విచారణ జరిపిన తీరులో పొరపాటుంటేనే వాళ్ళు వేలు పెడతారన్నాను. అప్పుడు నా దగ్గర చెప్పుకోదగ్గ పొరపాటు లేదు. ఇప్పుడుంది!"

"అయితే తీర్పు కొట్టేస్తారా?"

"ముందు ఇదే జడ్జిని కొత్త విచారణ కావాలని అడగాలి. ఆయన కాదంటే పై కోర్టు. జ్యూరీలో కూర్చున్నవాడు స్నేహం దాచిపెట్టి కూర్చున్నాడంటే ఏ జడ్జికైనా ఒళ్ళు మండుతుంది. కొత్త జ్యూరీ వస్తుంది. ఈసారి మీవారిని నేను బాగా తయారుచేసి బోనెక్కిస్తాను."

"ఆయన్ని తయారుచెయ్యడం దేవుడి వల్లే కాలేదు" అంది వాండా. కానీ ఆ మాటలో వెనకటి పదును లేదు. ఆమె కుడిచేతి వేళ్ళ వైపు చూసుకుంటోంది. రెండో ఆపరేషన్ చేస్తే అవి పూర్తిగా ముడుచుకుంటాయని డాక్టరు చెప్పాడు. దావా గెలిస్తేనే ఆ ఆపరేషన్.

డిఫాజియో బల్ల మీద అరచెయ్యి ఆనించాడు.

"ఒక్క ప్రశ్న మిగిలింది. లండీన్ లాయరు మొదట అడిగేది ఇదే. తీర్పు రాకముందే ఈ సంగతి మీకు తెలుసా? మీరంటే మీ ఇద్దరూ. భార్యకి దెబ్బ తగిలితే భర్తకీ నష్టమేనని దావాలో మీవారి పేరు కూడా వేశాం కదా. ఎవరికి తెలిసినా ఒకటే. తెలిసి కూడా నోరు మూసుకుని, గెలిస్తే సరే, ఓడితే బయటపెడదాం అని కూర్చున్నారనుకోండి, కోర్టు తలుపు మొహం మీదే వేసేస్తుంది. అప్పీలు లేదు, ఏమీ లేదు."

"మాకెలా..." అనబోయింది వాండా.

"వద్దు. ఇప్పుడు చెప్పకండి." లాయరు చెయ్యెత్తాడు. అతని కళ్ళు కాజ్ మీద ఆగి ఉన్నాయి. "కారు వీధిలో అడ్డంగా వదిలేసి వచ్చాను. మంచు తోసే బండి వస్తోంది. తీసి వేరేచోట పెట్టొస్తాను. మీరు నాతో ఏం చెబితే నేను కోర్టుకి అదే చెబుతాను, ఇంకోటి చెప్పలేను. రేపు మీ ఇద్దరూ ప్రమాణం మీద చెప్పాల్సింది కూడా అదే. కాబట్టి బాగా గుర్తుచేసుకుని చెప్పండి."

తలుపు మూసుకుంది.

"గుర్తుచేసుకోవడానికేముంది? ఇప్పుడే నేను చెబితే తెలిసింది. నా పుణ్యమా అని!" అంది బెర్నీస్ పిరోగీ నోట్లో పెట్టుకుంటూ.

కాజ్ కుర్చీ వెనక్కి జరిపాడు. లేవలేదు.

"నాకు తెలుసు" అన్నాడు.

బెర్నీస్ నమలడం మానేసింది.

"హార్ట్‌జెల్‌ని జ్యూరీకి పిలిచినప్పుడే గుర్తుపట్టాను. ఒక శీతాకాలం వాళ్ళ వేట గుడిసెలో పొయ్యి పొగ కక్కుతోందంటే వెళ్ళి బాగుచేశాను. ఇద్దరూ ఉన్నారక్కడ. నాకు బీరు కూడా ఇచ్చారు."

వాండా నవ్వింది. చెడ్డ నవ్వు.

"చూశావా బెర్నీస్? మీ వంశంలో పుట్టిన మాణిక్యాన్ని చూశావా? నా గొంతు కోసే మాట అయితే అడక్కుండానే వస్తుంది. నాకు పనికొచ్చే మాట మాత్రం కడుపులో పెట్టుకుని కూర్చుంటాడు. ఎందుకు చెప్పలేదురా? వాళ్ళ బీరుకి విశ్వాసమా? నేను ఓడిపోతే చూడాలనా?"

"చెప్పాను."

"ఎవరికి? బాయిలర్‌కా?"

"నీకే."

బయట మంచు తోసే బండి ఇనపరేకు రోడ్డుని గీరుకుంటూ దగ్గరికొస్తోంది. కాజ్ ఆ చప్పుడు కన్నా తగ్గు గొంతుతో మాట్లాడాడు.

"జడ్జి కాసేపు విరామం ఇచ్చాడు. కాఫీ యంత్రం దగ్గర నిలబడ్డాం. నీ కోటు నా చేతిలో ఉంది. 'వాండా, ఆ మూడో కుర్చీలో ఆయనా లండీనూ ఒకే గుడిసె వాళ్ళు, కలిసి వేటకెళతారు' అన్నాను. 'ఈ ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు. అవన్నీ చూసుకోడానికి లాయరున్నాడు. నువ్వు నోరు మూసుకుని కోటు పట్టుకో, అదైనా సరిగ్గా చెయ్యి' అన్నావు."

"నేనలా అనలేదు."

కాజ్ ఉప్పు సీసాని బల్ల మీద పక్కకి జరిపాడు.

"అనలేదు" అని మళ్ళీ అంది వాండా, ఈసారి ఎవరితోనో తెలియకుండా. కానీ ఆ నడవా ఆమెకి కనిపిస్తోంది. నేలకి పట్టించిన మైనం వాసన. యంత్రంలోంచి కారుతున్న పల్చటి కాఫీ. తుంటి నొప్పి. పక్కన ఏదో గొణుగుతున్న కాజ్. ఈగని తోలినట్టు తోలేసింది. గుడిసె అన్నాడు. వేట అన్నాడు. ఆ మాటలు చెవిలో పడ్డాయి. చెప్పింది కాజ్ కాబట్టి అక్కడే ఆగిపోయాయి.

"లాయరుతో నువ్వే చెప్పాల్సింది" అంది.

"నువ్వు వద్దన్నాక ఎలా చెబుతాను?"

"వద్దంటే మానేస్తావా! నేనన్న ప్రతిమాటా వింటావా నువ్వు?"

"వింటాను" అన్నాడు కాజ్.



బెర్నీసే ముందు తేరుకుంది. "సరే, చాల్లే. విన్నదెవరు? కాఫీ యంత్రం వచ్చి సాక్ష్యం చెబుతుందా? ఇద్దరికీ తెలీదు, అంతే. అక్కడ ఆ జుట్టు వెధవ దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధమాడితే తప్పులేదు గానీ మీరు మాత్రం సన్యాసుల్లా నిజం చెప్పాలా?"

వాండా ఆడపడుచు వైపు చూసింది. ఇన్నేళ్ళలో బెర్నీస్ తన పక్షాన మాట్లాడటం ఇదే మొదలు. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

"నేను చెబుతాలే" అన్నాడు కాజ్.

"ఏం చెబుతావు?"

"తెలీదని."

"నువ్వా? నీకు రాదు."

"నేర్చుకుంటా." కాజ్ ఆమె కుడిచేతి వైపు చూశాడు, మొహం వైపు కాదు. "ఆ వేళ్ళు బాగవ్వాలిగా. ఒకసారి నిజం చెప్పి నీకు ఎంత పని చేశానో చూశాను. ఇంకోసారి చెయ్యను."

కోర్టులో ఇతని నోట ఒక్క అబద్ధం కోసం ఎదురుచూసింది వాండా. 'చేతకానివాడా' అనడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే నాలిక ఇప్పుడు వెతికినా ఒక్క తిట్టు దొరక్క ఊరుకుంది. తిట్టదగ్గ మనిషి ఈ గదిలో ఒకరున్నారు. అది అతను కాదు.

"కాజ్, విను..."

తలుపు తెరుచుకుంది. డిఫాజియో చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. భుజాల మీద మంచు. ముగ్గురి మొహాలూ చూసి, చూడనట్టే కూర్చున్నాడు.

"బాగా గుర్తుచేసుకున్నారా? సరే, ముందు మీరు, మిస్టర్ పెల్చర్. హార్ట్‌జెల్‌కీ లండీన్‌కీ స్నేహమని తీర్పుకి ముందు మీకు తెలుసా?"

"తెలీదు" అన్నాడు కాజ్.

ఎంత ఘోరంగా అన్నాడంటే, ఆ ఒక్క మాటకే మెడ కాలర్ దాకా ఎర్రబడింది. కళ్ళు ఉప్పు సీసా మీద అతుక్కుపోయాయి. ఇలాంటి అబద్ధాన్ని చిన్నపిల్లలు కూడా నమ్మరు. అయినా లాయరు తల ఊపాడు. నమ్మడం కాదు, నమ్మినట్టు ఉండటమే అతని పని.

"మంచిది. మీకు, మిసెస్ పెల్చర్?"

బెర్నీస్ బల్ల కింద నుంచి వాండా కాలు తన్నింది. గట్టిగానే తన్నింది.

వాండా ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టుకుంది. వేళ్ళు ముడవాలని చూసింది. సగం దాకా వచ్చి ఆగాయి.

"తెలుసు" అంది.

"వాండా!" అంది బెర్నీస్.

డిఫాజియో మొహంలో పెళ్ళికళ మాయమైంది. తర్వాత, పగిలేదాన్ని పట్టుకున్నట్టు జాగ్రత్తగా అడిగాడు.

"మీవారికి తెలీదంటున్నారు. మరి మీకెలా తెలిసింది? ఎవరు చెప్పారు?"

బల్లకి అటువైపు కాజ్ తల ఎత్తాడు. చెప్పొద్దు, చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.